కట్లపాము కానిది

విషం లేని పాముకు విషపు పాము చారలెందుకు? గద్దలు, ముంగిసలు చూసి జంకుతాయని, ఆ వేషంతో అది బతికిపోతుందని కాలేజీలో చదివాను. చదివి పుస్తకం మూసేశాను. పాము సంగతి బాగానే రాశారు. దానితో కాపురం చేసేవాళ్ల గతేమిటో ఎక్కడా రాయలేదు.

అరవదేశంలో, సూలూరు దారిలో మిల్లువాళ్లు పనివాళ్లకు వరసగా కట్టించిన లైను ఇళ్లలో ఒకటి మాది. ఒకటే గది. గోడ పగుల్లో, అచ్చం కట్లపాములా ఉండే విషం లేని పాము ఒకటి ఉండేది. పక్కింటివాళ్లు కర్ర తెస్తే మా అవ్వ అడ్డం నిలబడేది.

"కొట్టొద్దు సామీ, బల్లుల్ని తిని బతికే బిడ్డ అది" అనేది.

శుక్రవారం పసుపునీళ్లు చల్లేటప్పుడు ఆ పగులు దగ్గరా నాలుగు చుక్కలు వేసేది. ఒకసారి అది మా నాయన వేలు కరిచినా ఏమీ కాలేదు. దాంతో లైను మొత్తానికీ మేమే పాముల పండితులమయ్యాం.

నాకు పదకొండేళ్లు. ఒక తెల్లవారుజామున నాయన మొదటి షిఫ్టుకు లేచి, నేలమీది చొక్కా తీస్తూ, చీమ కుట్టినట్టు చెయ్యి విదిలించాడు.

"ఏముండాదో చూడు పాపా."

పగుల్లోకి జారిపోతున్న తోక చూశాను. తెల్లచారలు కొసదాకా ఉన్నాయి. మా ఇంటిదానికి తోకవైపు చారలు మాసిపోతాయి, రోజూ చూసేదాన్నే. అయినా నిద్రమత్తులో, "మనదే నైనా" అనేశాను.

"అట్లయితే ఒన్నుం లే, ఏమీ కాదు" అని నవ్వి, చెయ్యి కడుక్కొని పనికి పోయాడు. నొప్పి కూడా లేదన్నాడు. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే పెట్టదని మా పండితులెవరికీ తెలియదు.

పది గంటలకు తోటివాళ్లు ఆయన్ను మోసుకొచ్చారు. రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. తాగాడేమో అనుకున్నారట. ఆస్పత్రిలో డాక్టరు ఏ పామని అడిగితే, "ఇంట్లో ఉండేదే, విషం లేదు సార్" అని అమ్మ అరవంలో చెప్పింది. ఆయన నమ్మలేదు, ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఇప్పటికీ అప్పటి ఆ పదకొండేళ్ల పిల్లను తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

చీకటి పడకముందే నాయన పోయాడు. పోవడానికి కాస్త ముందు, కళ్లు తెరవలేడు గానీ అన్నీ వినబడతాయని నర్సు చెప్పింది. అప్పుడు చెవి దగ్గర వంగాను.

"నైనా, అది మనది కాదు. నేను చూసినా."

నన్ను కొట్టడానికి గానీ, పోనీలే అనడానికి గానీ ఆయనకు వేలైనా లేవలేదు.