డాక్టరును బతికించిన కథ

శవాల బండి నడిపే పెద్దాయనకు ఆసుపత్రి వెనక గేటు దగ్గర కాచుకోవడమే సగం ఉద్యోగం. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని కథలు చదువుతాడు. టీవీలో వచ్చిన అంతరిక్ష నౌక సీరియల్ మీద అభిమానులు అల్లి నెట్‌లో పెట్టే కథలవి. నవ్వొస్తే పెదవి కొరుక్కుంటాడు. చుట్టూ ఏడ్చేవాళ్లుంటారు కదా.

ఒక మధ్యాహ్నం, తండ్రి శవం వెంట ఒంటరిగా వచ్చిన అమ్మాయి ముందు సీట్లో కూర్చుని, "ఏం చదువుతున్నారు బాబాయ్?" అంది. పొద్దుటినుంచి ఆమె కంట చుక్క నీరు లేదు. ఆయన తప్పు చేసినవాడిలా ఫోను బోర్లించాడు.

"కథమ్మా. సీరియల్లో నౌక డాక్టరు చచ్చిపోయాడు. ఎవరికో మనసొప్పక బతికించి రాశారు."

"ఎలా బతికించారు?"

ఆయన బండి కదిలించి చెప్పసాగాడు. మంచు గ్రహం మీద తప్పిపోయాడట. తోటివాళ్లు తొమ్మిదేళ్లు వెతికారట. ఇంతలో శ్మశానం గేటు వచ్చేసింది. ఆమె దిగలేదు.

"దొరికాడా?"

"దొరికాడమ్మా. దొరకగానే, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చారర్రా అని వాళ్లనే తిట్టిపోశాడు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు కట్ట తెంచుకుంది. బండి దగ్గరికి రాబోయిన కాటికాపరిని ఆయన చేత్తోనే ఆగమన్నాడు.