ముగ్గురికి ఎనిమిదిమంది టెంట్

ఆయన్ని అందరూ కర్టెన్ మాస్టారనే అంటారు. అసలు పేరొకటి ఉంది, అది కరెంటు బిల్లు మీద వస్తుంది, అంతకు మించి దానికి పనిలేదు. మార్కెట్ వీధిలో మెట్లెక్కి పైకి వెళ్తే ఒకే ఒక్క గది దుకాణం. ఒక మూల కుట్టు మిషను, గోడ పొడవునా నిలబెట్టిన గుడ్డ తానులు, మధ్యలో మనిషి పడుకోగలిగినంత కత్తిరింపు బల్ల. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన నిజంగానే దానిమీద పడుకుంటాడు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. పెళ్ళి ఫొటోలో కూడా ఉంది. తియ్యమని ఎవరూ చెప్పలేదట.

పనిలో ఆయనకి వంక పెట్టలేం. వంకంతా ఆ పని బుర్రకెక్కిపోవడంలో ఉంది. కిటికీకి తెర కుట్టాలంటే వెడల్పుకి రెట్టింపు గుడ్డ తీసుకోవాలి, అప్పుడే కుచ్చులు నిండుగా వస్తాయి. ఆపైన అంచు మడతకి ఇంకాస్త. తెరలు కుట్టే ప్రతివాడికీ తెలిసిన లెక్కే ఇది. కాని మిగతావాళ్ళు సాయంత్రం ఆ లెక్కని దుకాణంలో పెట్టి తాళం వేసి ఇంటికి పోతారు. ఈయన వెంట తీసుకుపోతాడు. ఇద్దరు చుట్టాలొస్తున్నారంటే నలుగురికి వండించి, మడతకని ఇంకో కంచం పెట్టిస్తాడు. రైలెక్కాలంటే పట్టే సమయానికి రెట్టింపు ముందు బయల్దేరతాడు. అలా వెళ్ళి, తను ఎక్కాల్సిన రైలుకి ముందు రైలెక్కి, టికెట్ కలెక్టరు చేత చివాట్లు తిన్న మనిషి.

నలభై దాటేదాకా పెళ్ళి ఊసే లేదు. అప్పుడొకసారి కళ్ళద్దాల షాపువాళ్ళు తెర కావాలంటే కొలతకి వెళ్ళాడు. కొలిచి వచ్చాడు. మర్నాడు మళ్ళీ కొలిచాడు. మూడోరోజు కూడా టేపు తీసేసరికి, అక్కడ అద్దాలు చూపించే ఆవిడ, "కిటికీ పెరుగుతోందాండీ?" అని అడిగింది. పెరగడం లేదని ఒప్పుకున్నాడు. ఆ సంవత్సరమే పెళ్ళయింది. ఆవిడకది రెండో పెళ్ళి. మొదటాయన సంగతి మనకక్కర్లేదు, ఆవిడకీ అక్కర్లేదు. కాని ఆ పెళ్ళి వల్ల ఓ కూతురుంది, దాని సంగతి మాత్రం మనకి కావాలి.

ఆ పిల్లకి పదమూడేళ్ళు. మాస్టారిని ఏమనీ పిలవదు. "అమ్మ భోజనానికి రమ్మంటోంది" అని గుమ్మానికి చెప్తుంది, మాస్టారు వచ్చి తింటాడు. పోట్లాట లేదు, ఎదురుచెప్పడం లేదు. అద్దెకున్నవాళ్ళు ఇంటాయనతో ఉన్నంత మర్యాదగా ఉంటుంది. ఒక్కసారి తలుపు ధడాలున వేసి అరిస్తే బాగుండునని ఆయనకి చాలాసార్లు అనిపించింది. పుట్టినరోజుకి వానకోటు కొనిచ్చాడు. అది పాదాలు దాటి నేలమీద పాకింది. "పెరుగుతావు కదా" అన్నాడు. "థాంక్యూ" అంది ఆ పిల్ల, మడిచి పెట్టెలో పెట్టుకుంది.

ఆ పరిస్థితిలో ఆ పిల్ల పిన్ని, అంటే ఇల్లాలి చెల్లెలు, ఫోన్ చేసింది. మా ఇంటి దగ్గర మంచి స్కూలుంది, పిల్లని మా దగ్గరుంచి చదివిస్తాం, తనకని ఓ గది కూడా ఉంది, సెలవులయ్యేలోపు ఏ మాటో చెప్పమంది. పిన్ని మంచిదే, తప్పు పట్టడానికేం లేదు. వాళ్ళమ్మ, "నీ ఇష్టం, బాగా ఆలోచించుకో" అంది. పిల్ల ఆలోచిస్తానంది. ఈ విషయంలో నోరు విప్పొచ్చో లేదో మాస్టారికి తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ఆ పిల్ల వెళ్ళిపోకూడదు.

ఈలోగా ఇల్లాలు ఓ మాటంది. "ముగ్గురం కలిసి ఎక్కడికీ వెళ్ళిందే లేదు. చెరువు పక్కన టెంట్లు వేసుకునే చోటుందట, రెండ్రోజులుండి వద్దాం."

పిల్ల తలెత్తకుండానే, "వస్తాను. కాని నాకు వేరే టెంట్ కావాలి" అంది.

"అలాగే" అన్నాడు మాస్టారు. అనేశాడే గాని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇవాళ వేరే టెంటు, రేపు వేరే ఇల్లు, అంతే కదా! ఇవ్వకపోతే రాదు. ఇస్తే వచ్చీ రానట్టే. దీనికి మధ్యలో ఎక్కడో ఓ టెంటుండాలి, అదేదో సరిగ్గా ఎంచుకుంటే ఆ పిల్ల మనసు మారుతుందని ఆయనకి గట్టిగా తోచింది. నవ్వకండి. తెరలు మార్చి ఇళ్ళ రూపురేఖలు మార్చిన మనిషి, ఆ మాత్రం నమ్మకం ఉంటుంది.

టెంట్ల దుకాణంలో ప్లాస్టిక్ గడ్డి పరిచి, దానిమీద రకరకాల టెంట్లు వేసి ఉంచారు. మాస్టారు ముందు కుట్లు చూశాడు. గుడ్డని గోటితో గీరాడు. పై పొరనీ లోపలి పొరనీ విడదీసి మధ్యలో చెయ్యి పెట్టాడు. సేల్స్‌మన్ ఓపిగ్గా నిలబడ్డాడు.

"ఎంతమంది సార్?"

"ముగ్గురం."

"అయితే నలుగురిదో అయిదుగురిదో తీసుకోండి. మీద ఎంతమందని రాసుంటే, అంతమందీ దొర్లకుండా ఒకరినొకరు ఆనుకుని పడుకుంటే సరిపోతుందని అర్థం. సామాన్లకి చోటుండదు. ఎప్పుడైనా కాస్త ఎక్కువ చూసుకోవాలి."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. వీళ్ళ లెక్కలోనూ మడత ఉందన్నమాట! ముగ్గురికి రెట్టింపు ఆరుగురు, అంచు మడతకి ఇంకాస్త, వెరసి ఎనిమిది. సేల్స్‌మన్ చెప్పిన అయిదు ఆయన చెవికెక్కనే లేదు.

"గదులున్నది ఉందా?" అన్నాడు.

ఉంది. అటు చివర ఓ గది, ఇటు చివర ఓ గది, మధ్యలో హాలు. మాస్టారు ఒక చివర గదిలో దూరి పడుకున్నాడు. సేల్స్‌మన్‌ని రెండో చివర పడుకోమన్నాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు కాబట్టి అతనూ పడుకున్నాడు.

"ఎలా ఉంది?" అని కేకేశాడు మాస్టారు.

"మీరు పక్కూళ్ళో ఉన్నట్టుంది సార్."

ఇంకేం కావాలి? వేరే టెంటూ అయింది, ఒకే టెంటూ అయింది. ఆ పిల్ల అడిగిందీ ఇచ్చినట్టే, తను కోరుకున్నదీ దక్కినట్టే. "స్థలం చూసుకున్నారా సార్? ఇది చాలా చోటు పడుతుంది" అని సేల్స్‌మన్ అడగనే అడిగాడు. "స్థలానికేమయ్యా, ఆరుబయటే కదా వేసేది" అన్నాడు మాస్టారు. బతుకంతా కిటికీ కొలవందే కత్తెర ముట్టని మనిషి! ఆరుబయటకి కొలతేమిటనుకున్నాడు. అక్కడ కాలు జారింది.

చెరువు పక్కన చోటు బాగానే ఉంది. కాకపోతే ఆరుబయటని కూడా సున్నం కొట్టిన రాళ్ళు పేర్చి ముక్కలు చేసి ఉంచారు, ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క. కాపలాదారు ఆ టెంటు సంచీని కార్లోంచి దించడానికి తనూ ఓ చెయ్యి వేశాడు.

"మిగతావాళ్ళు ఎప్పుడొస్తున్నారండీ?"

"అందరం వచ్చేశాం" అన్నాడు మాస్టారు.

కాపలాదారు ముగ్గురినీ చూశాడు, సంచీని చూశాడు. టెంటు విప్పి నేలమీద పరిస్తే హాలూ, ఒక గదీ రాళ్ళ మధ్యకొచ్చాయి. రెండో గది రాళ్ళు దాటి పక్కవాళ్ళ పొయ్యి దాకా వెళ్ళింది. అటు తిప్పితే కాలవ. మాస్టారు టేపు తీసి స్థలం కొలిచాడు. టెంటు కొలిచాడు. మళ్ళీ స్థలం కొలిచాడు.

"కొలిచినకొద్దీ పెరగదు కదండీ" అంది ఇల్లాలు మెల్లిగా.

పిల్ల ఓ రాయి మీద కూచుని ఇదంతా చూస్తోంది. చివరికి ఉండబట్టలేక, మాస్టారి మొహంలోకే చూసి, "ముగ్గురికి ఇంత పెద్దది ఎందుకు కొన్నారు?" అంది.

మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పాడు. వెడల్పుకి రెట్టింపు, ఆపైన అంచు మడత.

పిల్ల పరిచిన టెంటుని ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. "టెంటుకి కుచ్చులెందుకు?"

మాస్టారి ఇన్నేళ్ళ పనితనం ఆ ఒక్క ప్రశ్నకి నీళ్ళు నమిలింది. ఇల్లాలు చెరువు వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంటోంది. తప్పు చేశాను కదా, నవ్వితే నవ్వనీ అనుకున్నాడాయన.

"నీ గది వేద్దాం. మా గది మడిచేస్తాను. మేం హాల్లో పడుకుంటాం" అన్నాడు. "అదీ ఇబ్బందనుకుంటే మేమిద్దరం కార్లో పడుకుంటాం, టెంటంతా నీదే."

"కార్లో ఎందుకు" అంది పిల్ల. లేచి వచ్చి ఓ కర్ర పట్టుకుంది. ఆయన "కాస్త పైకి" అంటే ఎత్తింది, "చాలు" అంటే ఆపింది. మిగిలిన గదిని ఆయన లోపలికి మడిచి, మడత మీద మడత వేసి, పిన్నీసులు గుచ్చి బిగించాడు. అంత ఒద్దికైన మడత ఆ చెరువు గట్టు మీద మరొకటి లేదు, కాని దానికి మెచ్చుకునేవాళ్ళెవరు?

ఆ సాయంత్రం చీకటి పడగానే తినేసి పక్కలు వేసుకున్నారు. పిల్ల తన గదిలోకెళ్ళి జిప్పు వేసుకుంది. ఇటు హాల్లో మాస్టారు, ఇల్లాలు. మధ్యలో గుడ్డ పొర ఒకటి. ఎంతో దూరం ఉంటుందనుకుని కొన్న టెంటులో ఆ పిల్ల మూరెడు దూరంలో పడుకుంది. నిద్రపోయిందనుకుని ఇల్లాలు గొంతు తగ్గించింది.

"దానికి కోపమొచ్చిందంటారా?"

"రాకేం చేస్తుంది? వేరే టెంటడిగితే సగం టెంటిచ్చాను."

ఆవిడ ఆయన వైపు ఒత్తిగిలింది. "పిన్ని దగ్గరికి వెళ్తానంటే ఏం చేద్దామండీ?"

"పంపిద్దాం. నేనే తీసుకెళ్ళి దింపుతాను. అక్కడ తన గది కిటికీకి తెర కుట్టి ఇస్తాను. గుడ్డ కూడా తీసి పక్కన పెట్టాను."

"అప్పుడే తీసి పెట్టారా?"

"పంపడానికి తొందరపడి కాదు. వెళ్తానని చెప్పిన రోజున చేతికి ఏదో ఒక పనుండాలి కదా, లేకపోతే ఏడుస్తానేమోనని." ఆయన దుప్పటి పైకి లాక్కున్నాడు. "నన్ను ఏమనీ పిలవకపోయినా ఫరవాలేదు. కాని ఆ పిల్ల లేని ఇంట్లో నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ మాట తనకి చెప్పకు. మొహమాటపడి ఉండిపోతే అది తనకి బరువు."

ఇల్లాలు జవాబు చెప్పేలోపు గుడ్డ అవతల్నుంచి మాటొచ్చింది.

"ఏ రంగు?"

ఇద్దరూ గుడ్డ పొర వైపు తిరిగారు.

"ఆ గుడ్డ ఏ రంగు అని" అంది పిల్ల మళ్ళీ.

"లేతాకుపచ్చ" అన్నాడు మాస్టారు.

అవతల పక్క సర్దుకుంటున్నట్టు చప్పుడైంది.

"పిన్నివాళ్ళింటికి వద్దు. మనింట్లో నా గదికి కుట్టండి."

ఆ గది కిటికీకి ఇన్నాళ్ళూ పాత దుప్పటే వేలాడుతోంది. కుట్టనా అని ఎన్నిసార్లు అడిగినా, వద్దండీ అనేది. అద్దె గదికి తెర ఎందుకన్నట్టు వినపడేది ఆయనకి. ఇల్లాలు చీకట్లో చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయనకి కళ్ళు నిండి, నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకుంటే అవతలికి వినపడుతుందని అలాగే పడుకున్నాడు.

"కొలత తీసుకోవాలి" అన్నాడు చివరికి. నిజానికి ఆ కిటికీ కొలత ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

"ఇంటికెళ్ళాక తీసుకుందురు గాని, పడుకోండి" అంది పిల్ల.