ఎడమవైపుకు వాలే బండి

విదేశంలో మేముండే ట్రాయ్ ఊళ్లో మా పక్కింటి విశ్వనాథం అంకుల్ కార్ల కంపెనీలో సీట్లు డిజైన్ చేసి రిటైరయ్యారు. 2011 వేసవిలో ఆయన నాకంటే ఎక్కువ వయసున్న మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. చక్రాల మీద ఇల్లు అది. లోపల పొయ్యి, సింకు, మంచం. వెనక చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు రబ్బరు గాలి సంచులు. పొద్దున్నే అంకుల్ స్విచ్ వేస్తే సంచుల్లో గాలి నింపే కంప్రెసర్ గుర్రుమనేది, డ్రైవ్‌వేలో పడుకున్న బండి ఏనుగులా మెల్లగా లేచేది. మా వంటింటి కిటికీలోంచి చూస్తూ నేనూ కాస్త పైకి తేలినట్టుండేది.

ఆ బండి ఆయన భార్య ప్రసూన ఆంటీ కోసం. చెవి జబ్బు వచ్చాక నేల ఏమాత్రం వాలినా ఆవిడకు కళ్లు తిరుగుతాయి. ప్రయాణాలన్నీ మానేశారు. పెద్ద సరస్సు ఒడ్డున ఒక్క తెల్లవారుజాము చూడాలని మాత్రం కోరిక. ఎక్కడ ఆగినా సమంగా నిలిచే నేల, పక్కనే సొంత మంచం ఉంటే రాగలనన్నారు.

గుడిలో బండికి పూజ చేయించి తెచ్చారు. తర్వాత ఒక పెద్ద వాన కురిసింది. అప్పటినుంచి బండి ఎడమవైపుకు కుంగడం మొదలుపెట్టింది. అంకుల్ గొట్టాల అతుకులన్నిటికీ బ్రష్‌తో సబ్బునీళ్లు పూశారు. గాలి పోతుంటే బుడగలు రావాలి, ఒక్కటీ రాలేదు. ఎడమ సంచి మార్చారు. మళ్లీ కుంగింది. ఆంటీ పరీక్ష వేరు. బండిలో పొయ్యి మీద పెనం పెట్టి చెంచాడు నూనె పోసేవారు. అది ఎడమ అంచుకు జారగానే గోడ పట్టుకునేవారు.

"మీ బండికీ నాలాగే చెవి పాడైందండీ. మేమిద్దరం ఇంట్లో ఉంటాం, మీరు వెళ్లి రండి," అన్నారొకసారి.

అంకుల్ నవ్వలేదు. శనివారం ఎవరో చూడటానికొస్తున్నారనీ, అమ్మేస్తాననీ మా ఆయనతో చెప్పారట.

నాది ఇంటర్ మధ్యలో ఆగిన చదువు, యంత్రాల సంగతి తెలియదు. శుక్రవారం కరివేపాకు ఇవ్వడానికి వెళ్తే, ఎడమ చక్రం వెనక నీడలో నల్లగా ఏదో ఊగుతోంది. అంకుల్‌కు వేలితో చూపించి, వంగబోయాను.

"ఆగమ్మా. బండికి ఇనప స్టాండ్లు ఆనించకుండా కిందికి దూరకూడదు. గాలి పోతే మీద కూర్చుంటుంది," అన్నారు అంకుల్.

స్టాండ్లు పెట్టి తనే దూరారు. అది ఎండిన నిమ్మకాయ, మిరపకాయల దిష్టి దండ. చక్రం పక్కన సన్నటి కడ్డీ ఒకటుంది. బండి కుంగితే అది కదిలి సంచిలోకి గాలి పంపిస్తుంది, ఎక్కువ లేస్తే వదిలేస్తుంది. దండ సరిగ్గా ఆ కడ్డీకే కట్టి ఉంది. వానకు తడిసి బిగిసిన దారం దాన్ని పక్కకు లాగి పట్టుకుంది. బండి ఎత్తుగానే ఉందనుకుని కడ్డీ చివరనున్న వాల్వు గాలి వదిలేస్తోంది.

దండ ముందు అద్దం దగ్గర కడతానని ఆంటీ అంటే, బండి అందం పోతుందని అంకుల్ వద్దన్నారట. అందుకని ఆంటీ నేల మీద కూర్చుని, ఎవరికీ కనబడని చోటు చూసి కట్టారు.

"దారిలో మీకేం కాకూడదనండీ," అన్నారు ఆంటీ ఇంటి గుమ్మంలోంచి.

"దిష్టి దొరికింది ప్రసూనా," అన్నారు అంకుల్.

ఆయన దారం తెంపలేదు. ముడి విప్పి, దండను తీసుకెళ్లి ముందు అద్దానికి తనే కట్టారు. తర్వాత స్విచ్ వేశారు. ఎడమవైపు నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు నిండుతూ లేచింది.

ఆంటీ బండిలోకెక్కి, ఒక చేత్తో గోడ పట్టుకుని పెనంలో నూనె పోశారు. అది మధ్యలోనే గుండ్రంగా నిలిచింది. కాసేపు చూద్దామన్నారు. ముగ్గురం పొయ్యి దగ్గరే కూర్చున్నాం. కిటికీలోంచి వచ్చిన సాయంత్రపు ఎండ నూనె మీద ఎర్రబడి, చల్లారిపోయింది. నూనె కదల్లేదు.

ఆంటీ నెమ్మదిగా గోడ మీంచి చెయ్యి తీశారు.

"అక్కడ తెల్లవారుజామున చలిగా ఉంటుందా?" అని అడిగారు.