మేడమీద దొర, మెట్లమీద అత్త

మా ఇంటాయనకి సంఘానికి అధ్యక్షుడవ్వాలన్న జబ్బు పట్టుకున్న ఏడాదే మా అత్త నోరు పడిపోయింది. పక్షవాతం కాదు. ఆయనే పడగొట్టాడు.

అప్పుడు మేం బర్మాలో, రంగం ఊళ్ళో లత అనే పేటలో ఉండేవాళ్ళం. కింద బియ్యం, పప్పుల కొట్టు, వెనక వంటిల్లు, మేడమీద అద్దెకిచ్చే గది. మొదటి పెద్ద యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది. విశాఖపట్నంలో స్టీమరెక్కి వచ్చిన మనవాళ్ళు ఊళ్ళో ఎటు చూసినా కనపడేవారు. రేవులో మూటలు మోసేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు, మాలాంటి కొట్లవాళ్ళు. అందరికీ కలిపి ఒక తెలుగు సంఘం. అందులో మూటలు మోసేవాడు ఒక్కడూ ఉండడు గాని, వాళ్ళ గురించి ఉపన్యాసాలకి లోటుండేది కాదు. ఆ ఏడాది ఉపన్యాసాలన్నీ గంజాం జిల్లా మీద. ఒడియావాళ్ళు వేరే రాష్ట్రం అడుగుతున్నారు, అందులో గంజాం కలపమంటున్నారు, ఎలా ఇస్తాం? సముద్రానికి ఇవతల చాపల మీద కూర్చుని మావాళ్ళు గంజాంని కాపాడేసేవారు. అందరికంటే గట్టిగా కాపాడింది మా ఇంటాయన.

చిక్కల్లా ఏమిటంటే, ఆయన్ని కన్నతల్లి ఒడియా ఆవిడ.

ఇచ్ఛాపురం దగ్గర పల్లె ఆవిడ పుట్టిల్లు. అక్కడ ఒక వీధిది తెలుగు, పక్క వీధిది ఒడియా. పెళ్ళిళ్ళు మాత్రం రెండు వీధుల మధ్యా జరిగిపోయేవి, వాళ్ళకి సంఘం లేదు కాబట్టి. మామగారు పోయాక అత్త కొడుకు దగ్గరికి వచ్చేసింది. తెలుగు బాగానే మాట్లాడేది గాని, ప్రతి మాటా గుండ్రంగా దొర్లుకుంటూ వచ్చేది. నోరు తెరిస్తే చాలు, ఊరు తెలిసిపోయేది. కోపమొచ్చినా, పిల్లిని తరిమినా, కూనిరాగం తీసినా ఒడియాయే.

సంఘం పెద్దల్ని భోజనానికి పిలిచిన ముందురోజు మా ఇంటాయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, రేపు నువ్వు మాటాడకు."

"వడ్డించినప్పుడు ఏటి కావాలో అడగొద్దేటి?"

"అడగొద్దు."

"మూగిదనుకుంటారు గదరా!"

ఆయన గెడ్డం గోక్కున్నాడు. "మౌనవ్రతం అని సెప్తాన్లే."

చెప్పాడు కూడా. పులిహోరలో చెయ్యి పెట్టబోయిన పెద్దలు చెయ్యి తీసేసి మా అత్తకి దండం పెట్టారు. ఈ కాలంలో కూడా ఇంత నిష్ఠా అని ఒకాయన కళ్ళు ఒత్తుకున్నాడు. ఎన్నాళ్ళండీ వ్రతం అని ఇంకొకాయన అడిగాడు. మా ఇంటాయన నోట్లో ముద్ద ఉంది, బుర్రలో ఏమీ లేదు. ముద్ద మింగి, సభల్లో మాట్లాడే పుస్తకాల తెలుగులో, "గంజాం వ్యవహారము తేలువరకును మాతృమూర్తి పలుకనని ఒట్టు పెట్టుకొన్నది" అన్నాడు.

నెయ్యి వడ్డిస్తున్న నేను లోపల్లోపల లెక్కేసుకున్నాను. ఇంగ్లీషు దొరలు గంజాం సంగతి ఎప్పుడు తేల్చాలి, ఈ ముసలావిడ ఎప్పుడు మాట్లాడాలి!

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు క్షేత్రమైపోయింది. ఆడవాళ్ళు అరటిపళ్ళు పట్టుకొచ్చి అత్త కాళ్ళ మీద పడేవారు. పక్క ఊరు ఇన్సేన్ నుంచి కూడా రైలెక్కి వచ్చేవారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలీదు కాబట్టి వంటింట్లో కూడా ఆవిడ నోరు విప్పడానికి లేదు. ఉప్పు చాల్లేదని చేత్తో సైగ చేసేది. పిల్లి పాలు తాగేస్తుంటే గుడ్లురిమి చూసేది. పిల్లి ఏం లెక్కచేస్తుంది? నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆవిడకి మిగిలింది వెనకవేపు చెక్కమెట్లు. ఆ మెట్లు మేడమీద దొర గదికి వెళ్తాయి.

దొరంటే గుర్రపు బగ్గీలో తిరిగే దొర కాదు. బియ్యం మిల్లులో యంత్రాలు బాగుచేసేవాడు, చొక్కా నిండా నూనె మరకలు. ఫ్రాన్సుకీ జర్మనీకీ మధ్యనున్న ఊరట. తండ్రి పుట్టినప్పుడు ఊరు ఫ్రాన్సుది, తను పుట్టేసరికి జర్మనీది, ఇప్పుడు మళ్ళీ ఫ్రాన్సుది. యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు జర్మనీవాడని పట్టుకుని ముళ్ళకంచెలో ఖైదు పెట్టారు, అయ్యాక ఫ్రాన్సువాడివి పొమ్మన్నారు. ఊళ్ళో ఉన్న నలుగురు ఫ్రెంచివాళ్ళూ ఇతని మాటలో జర్మనీ వాసనంటారు. జర్మనీవాళ్ళు ఫ్రెంచి వాసనంటారు. అందుకే ఏ తెల్లవాళ్ళ ఇంట్లోనూ గది దొరక్క మా మీద పడ్డాడు. మాంసం వండకూడదన్న షరతు మీద ఇచ్చాం.

మాంసం వండలేదు గాని, క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పేసి, జాడీలో కుక్కి, పైన రాయి పెట్టి ఊరబెట్టేవాడు. వీధి వీధంతా ఙపి అనే ఊరబెట్టిన చేపల ముద్ద కంపు కొట్టే ఊళ్ళో కూడా ఆ జాడీ కంపు విడిగా తెలిసేది. అత్త ఒకరోజు మూత తీసి చూసి అదిరిపోయింది. కారం లేదు, ఆవపిండి లేదు, నూనె లేదు. రోగిష్టి ఊరగాయ. ఇంక ఊరుకోలేక మెట్ల మీద కూర్చుని దొరకి చీవాట్లు పెట్టింది, ఒడియాలో. దొర పక్కమెట్టు మీద కూర్చుని అంతే గట్టిగా జవాబు చెప్పాడు, వాళ్ళ ఊరి భాషలో. ఒకరి మాట ఒకరికి ముక్క తెలీదు. ఆ రోజునుంచి సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ క్యాబేజీ తరుగుతూ అక్కడే. ఆవిడ తన పుట్టింటి గొడవలన్నీ చెప్పేది, అతను తలూపేవాడు. అతనేదో చెప్పి నవ్వేవాడు, ఈవిడా నవ్వేది.

నాతో మాత్రం దొర రేవు హిందూస్తానీలో తెలుగు ముక్కలు కలిపి మాట్లాడేవాడు. అత్త ఎందుకు మెట్ల మీదే మాట్లాడుతుందని ఒకనాడు అడిగితే, వ్రతం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కత్తి కింద పెట్టేశాడు. వాళ్ళమ్మకి ఫ్రెంచీ రాదట, పుస్తకాల జర్మనూ రాదట, ఉన్నదల్లా ఆ ఊరి మాటే. యుద్ధం అయ్యాక తమ్ముడికి కొత్త సర్కారులో ఉద్యోగం దొరికింది. ఇంటికి ఆఫీసర్లొస్తే నువ్వు మాట్లాడకమ్మా అన్నాడు. ఆవిడ సరేనంది. కొన్నాళ్ళకి ఎవరూ రాకపోయినా మాట్లాడ్డం మానేసింది. అలాగే పోయింది.

నేను ఇదంతా అత్తకి చెప్పాను. ఆవిడ తరుగుతున్న క్యాబేజీ పక్కకి నెట్టేసింది.

"నానూ అలగే పోతానేటమ్మీ?" అంది.

ఆ పూటే మా ఇంటాయన్ని నిలబెట్టి కడిగేశాను. "అధ్యక్షుడయ్యాక ఇప్పించేద్దారిలే వ్రతం" అన్నాడు. అధ్యక్షుడయ్యాడు. అయ్యాక, "ఇప్పుడు ఇప్పితే గంజాం ఒగ్గేసినామంటారే" అన్నాడు. ఆ పదవి ఆయనకి దక్కడానికి సగం కారణం తల్లి మౌనమే, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

గెలిచినందుకు మా కొట్లోనే విందు. పెద్దలంతా వరసగా కూర్చున్నారు, ఆడవాళ్ళు లోపలివేపు. అత్తని పీట మీద, అందరికీ కనపడేలా కూర్చోబెట్టాడు. పాయసాలు తాగుతుండగా దొర కిందికి దిగాడు. మోల్మేన్ ఊళ్ళో మిల్లుకి మార్చారట, ఆ పూటే పడవ. టోపీ చేత్తో పట్టుకుని అత్త ముందు నిలబడి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు.

అత్త లేచింది. లేచి, అతని చెయ్యి పట్టుకుని ఒడియాలో మొదలెట్టింది. మెల్లిగా కాదు. ఎక్కడికి పోతున్నావు, ఎవరు వండిపెడతారు, ఆ చప్పిడి గడ్డి తిని ఛస్తావా అన్నీ అందులో ఉన్నాయని నాకు తెలుసు. అది ఒడియా అని అక్కడున్న అందరికీ తెలుసు. రేవులో రోజూ ఒడియా కూలీలతో బేరాలాడేవాళ్ళే అందరూనూ. అయినా కొత్త అధ్యక్షుడి పాయసం చేతిలో ఉండగా ఎవరు అంటారు? పెద్దలందరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు.

మా ఇంటాయన గబగబా ముందుకొచ్చి, "దొరగారి భాషండి. అమ్మ ముచ్చటపడి నేర్చుకొన్నది" అన్నాడు.

ఒకళ్ళిద్దరు ఆహా అన్నారు కూడా. దొర నోరు తెరిచి, అత్త మొహం చూసి మూసేసుకున్నాడు.

అత్త కొడుకువేపు తిరిగింది. ఆ తెలుగు కూడా గుండ్రంగా దొర్లుకుంటూనే వచ్చింది.

"దొరది కాదురా. మాయమ్మది."

అని, మళ్ళీ దొరవేపు తిరిగి, ఆపిన మాట దగ్గర్నుంచి ఎత్తుకుంది.