డ్రిల్లు మాస్టారు, వాళ్ళ అత్తయ్య షుగరు

డ్రిల్లు మాస్టారికి యాభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఏదో బస్సు తప్పిపోయినంత తేలిగ్గా "టైము కుదర్లేదండీ" అంటారు. తల్లి పోయేనాటికి ఆయనకి నాలుగేళ్ళు. తండ్రి ఒక చోట కాలు నిలిచే మనిషి కాదు. పెంచిందంతా మేనత్తే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, పక్కన స్టూలు మీద మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో లైన్లు కలుపుతూ ఇంకో చేత్తో వాడి పలక దిద్దిన మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అందులో వాళ్ళిద్దరే.

రెండేళ్ళ కిందట ఆవిడ కాలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. చూపిస్తే షుగరన్నారు. మాత్రలకి లొంగకపోయేసరికి ఇన్సులిన్ రాశారు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే మాస్టారు నడుం బిగించారు.

"అత్తా, ఇక నీకేం దిగుల్లేదు. ఎనిమిది వందల మంది పిల్లల్ని ఒక్క విజిలుతో నిలబెడుతున్నాను. ఈ షుగరెంత?"

"పిల్లలకి కాళ్ళున్నాయి కాబట్టి నిలబడతారు. షుగరుకి కాళ్ళేవిరా?" అంది అత్తయ్య.

ఆయన నవ్వలేదు. పని మొదలుపెట్టారు. గోడకి టైంటేబులు అంటించారు. బిస్కెట్లు, జామ్ సీసా, అరటిపళ్ళు ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. మూడు బ్రెడ్డు ముక్కలు రెండయ్యాయి, ఆరు నెలలకి ఒకటిన్నర అయ్యాయి. ఆ అర ముక్కని ఆయన కత్తితో కొలత పెట్టి కోసేవారు. రోజూ పొద్దున వేలు పొడిచి, మిషన్లో చూసి, నోటుబుక్కులో రాసేవారు. అంకె తక్కువ వస్తే పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు. ఎక్కువ వస్తే ఆ పూటంతా మొహం మాడ్చుకుని తిరిగేవారు. తిండి తగ్గిస్తే తనకి చెప్పమని, డోసు మార్చాల్సి ఉంటుందని డాక్టరుగారు మొదట్లోనే అన్నారు. ఆ మాట మాస్టారు వినడం విన్నారు. కానీ అంకెలు దిగుతుంటే ఇంకా చెప్పేదేముందిలే అనుకున్నారు. మూడు నెలల సగటు చూపే రక్తపరీక్షలో అంకె పది నుంచి ఆరుకి వచ్చిన రోజున, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని స్కూలుకి పట్టుకెళ్ళారు. స్టాఫ్ రూములో చేతులు మారి చేతులు మారి అది నలిగిపోయింది.

"మా అమ్మని కూడా మీ దగ్గర వదిలేస్తానండీ మాస్టారూ" అంది లెక్కల మేడమ్. ఆయనకి ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అత్తయ్య మాత్రం చిక్కిపోయింది. మధ్యమధ్యలో అంటూనే ఉండేది, "ఒరేయ్, పదకొండింటికల్లా చేతులు వణుకుతున్నాయిరా. ఒళ్ళంతా చెమట. కళ్ళ ముందు ఏవో మెరుపులు."

"ఒంటికి తీపి అలవాటు వదలట్లేదు. నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది" అనేవారు మాస్టారు. ఆవిడ ఇంకేమీ అనేది కాదు. వాడికి తెలియదా అనుకునేదో, చెప్పి ఏం లాభం అనుకునేదో.

ఒక ఆదివారం హెడ్‌మాస్టరుగారూ, లెక్కల మేడమూ ఇంటికొచ్చారు. స్పోర్ట్స్ డే పనుల మీద మాట్లాడుకోవాలని రావడమైతే వచ్చారు గానీ, మాస్టారు నోటుబుక్కు తీశారు. పేజీలు తిప్పి చూపిస్తున్నారు. అతిథుల టీ కోసం ఆ పొద్దునే చిన్న డబ్బాలో చక్కెర తెచ్చి, వంటింట్లో పై అరలో పెట్టారు. మాట్లాడుతుండగా లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. మూత కింద పడ్డ చప్పుడైంది.

మాస్టారు లేచి వెళ్ళారు. అత్తయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో చెంచా. ఆ చేయి వణుకుతోంది. పెదాల మీద, గడ్డం మీద చక్కెర. ఆయన కళ్ళకి ఆ చక్కెర ఒక్కటే కనిపించింది.

"ఏంటిది?"

ఆవిడ మింగి తల అడ్డంగా ఊపింది.

"అడిగేది నిన్నే అత్తా! ఇంత కష్టపడి షుగరుని ఇక్కడిదాకా తెస్తే, దొంగచాటుగా డబ్బా దించుకుంటావా? నోరు తెరు."

హెడ్‌మాస్టరుగారు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన వెనకాల లెక్కల మేడమ్.

"నోరు తెరవమన్నానా. ఆ... అను."

క్లాసులో బబుల్ గమ్ నమిలే పిల్లల్ని ఆయన అలాగే అంటారు. ఆ గొంతు ఆయనకి తెలియకుండానే వచ్చేసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఎదుటనున్న ఇద్దరు పరాయివాళ్ళని ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నాలుక మీద చక్కెర ఇంకా కరగలేదు.

"చూశారా?" అన్నారు మాస్టారు, వెనక్కి తిరిగి. వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

అంతటితో ఊరుకున్నారా అంటే, అదీ లేదు. డబ్బాలో చక్కెర సింకులో పోసి నీళ్ళు వదిలారు. తర్వాత ఎదురింటి తలుపు తట్టారు. ఆ ఇంట్లో టైలరమ్మ ఉంటుంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. అత్తయ్యని పెద్దమ్మా అని పిలుస్తుంది.

"అమ్మా, మా అత్త వచ్చి చక్కెర అడిగినా, బిస్కెట్ అడిగినా ఇవ్వొద్దు. ఏడ్చినా ఇవ్వొద్దు. ఆవిడ ఎన్ని వేషాలైనా వేస్తుంది. నాకు మాటివ్వండి."

టైలరమ్మ మాటిచ్చింది. పాపం, స్కూలు యూనిఫారాల పని ఇప్పించింది ఆయనే.

ఇది జరిగిన పన్నెండో రోజు శుక్రవారం. పొద్దున ఆరూ ముప్పావుకి మాస్టారు ఎప్పటిలాగే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇచ్చాక చూస్తే ఇంట్లో బ్రెడ్డు లేదు. పాలూ లేవు. "ఇప్పుడే పట్టుకొస్తా, పావుగంట" అని చెప్పులేసుకున్నారు. కొట్టు దగ్గర బ్రెడ్డు కొన్నారు కూడా. అక్కడినుంచి చూస్తే స్కూలు మైదానం కనిపిస్తుంది. మార్చ్‌పాస్టుకి పిల్లలు అప్పటికే వచ్చి వరసలు కట్టుకుంటున్నారు, ఆ వరసలు పాములా ఉన్నాయి. ఒక్కసారి సరిచేసి వచ్చేద్దాం అనుకున్నారు. విజిలు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. చలికోటు విప్పి, ఫోనుతో సహా గోలుపోస్టుకి తగిలించి, బ్రెడ్డు గడ్డి మీద పెట్టారు. ఎడమ కాలు, కుడి కాలు. మళ్ళీ మొదట్నుంచి. మూడో వరస చెయ్యి కలవట్లేదు, మళ్ళీ. అలా ఎంతసేపైందో ఆయనకి తెలియదు.

స్కూలు గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చేటప్పటికి తొమ్మిది కావస్తోంది.

"సార్, మీ ఫోను ఎత్తట్లేదంట. మీ అత్తయ్యగారు మెట్ల మీద పడిపోయారు. అంబులెన్సులో తీసుకెళ్ళారు."

మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. బ్రెడ్డు అక్కడే వదిలేసి పరుగు తీశారు.

ఆసుపత్రిలో అత్తయ్య మంచం మీద తెల్లగా పాలిపోయి పడి ఉంది. చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నుదుటి మీద చిన్న కట్టు. పక్కన సిస్టరు నిలబడి ఉంది, మాస్టారి దగ్గర చదువుకునే పిల్లలకంటే ఓ పదేళ్ళు పెద్దదేమో.

"షుగరు ముప్ఫై నాలుగుకి పడిపోయిందండీ. ఇన్సులిన్ తీసుకున్నాక ఏమైనా తిన్నారా?"

మాస్టారు నోరు తెరిచారు. "తినే ఉంటుంది" అన్నారు. "నేను... నేను కొంచెం తొందరలో బయటికెళ్ళాను. తినే ఉంటుందండీ."

అప్పుడే అత్తయ్య కళ్ళు తెరిచింది. గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగానే ఉంది. "తినలేదమ్మా. మా వాడు అన్నీ పెట్టే వెళ్ళాడు. నేనే మర్చిపోయాను. ముసలిదాన్ని కదా."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అవునో కాదో ఒక్క మాట చెప్పాల్సిన చోట ఆయన మంచం ఊచ పట్టుకుని నిలబడ్డారు.

సిస్టరు నోటుబుక్కు ఉందా అని అడిగింది. రోజూ వేలు పొడిచిన గుర్తులు చూసి అడిగిందట. అంబులెన్సు వెంట వస్తూ టైలరమ్మ వీళ్ళ ఇంట్లోంచి మందుల సంచీ మొత్తం తెచ్చేసింది, అందులోనే ఉంది. సిస్టరు పేజీలు తిప్పింది. ఒక చోట ఆగింది.

"అరవై ఒకటి. యాభై ఎనిమిది. యాభై అయిదు. వీటి పక్కన ఈ ఎర్ర టిక్కులేంటి?"

"అవి... తక్కువ వచ్చిన రోజులండీ."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆ పిల్ల తిట్టలేదు. తిడితే బాగుండేది. నోటుబుక్కు మూసి నెమ్మదిగా అంది, "డెబ్బైకి దిగితే ప్రమాదమండీ. ఆ అంకె కనపడగానే చక్కెరో, పళ్ళరసమో ఇచ్చేసి, పావుగంటాగి మళ్ళీ చూడాలి. చేతులు వణకడం, చెమటలు పట్టడం ఎప్పుడైనా ఉండేదా?"

అత్తయ్య గోడవైపు తిరిగింది.

మాస్టారికి ఆదివారం కళ్ళ ముందుకొచ్చింది. చెంచా పట్టుకున్న ఆ చేయి ఎందుకు వణికిందో తెలిసింది. ఆవిడ దొంగతనం చేయలేదు. ప్రాణం నిలబెట్టుకోవడానికి స్టూలెక్కి చక్కెర అందుకుంది. ఆయన ఆ నోరు తెరిపించి, నలుగురికీ చూపించారు. నేల చీలితే దూరిపోవాలనిపించింది. ఆసుపత్రి నేల నున్నగా, గట్టిగా ఉంది. మనుషులు దాని మీద అటూ ఇటూ నడుస్తున్నారు.

వరండాలోకి వచ్చేశారు. అక్కడ బెంచీ మీద టైలరమ్మ, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నావల్లే మాస్టారూ. పెద్దమ్మ తలుపు కొట్టి, ఒక్క చెంచా చక్కెర పెట్టమ్మా అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. నేను... మాస్టారు తిడతారు పెద్దమ్మా, కాసేపు ఓపిక పట్టు అని తలుపేసుకున్నాను. కింద కొట్టుకి వెళ్దామనుకుందేమో, మెట్ల మీద..."

చెప్పుకోవడానికే సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి అప్పుడు జరిగింది. ఆ ఏడుపు వింటుంటే, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, మాస్టారి గుండె బరువు తగ్గింది. తప్పు మోయడానికి ఇంకొకరు దొరికారనిపించింది. ఆ ఆలోచన వచ్చిందని తెలియగానే ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది. బెంచీ మీద ఆవిడ పక్కన కూలబడ్డారు.

"కాదమ్మా. ఇవ్వొద్దని ఒట్టేయించుకున్నట్టు మాట తీసుకున్నది నేను. పావుగంటలో వస్తానని చెప్పి రెండు గంటలు గ్రౌండులో ఉన్నది నేను. ఆవిడకి తినడానికి ఇంట్లో ఏమీ లేదు. నువ్వు ఏడవకు."

తర్వాత లోపలికెళ్ళి సిస్టరుకీ, డాక్టరుగారికీ అదే చెప్పారు. తిండి సగానికి సగం తగ్గించిన సంగతి, డోసు అలాగే ఉంచిన సంగతి, వణుకు గురించి ఆవిడ చెబితే కొట్టిపారేసిన సంగతి. చెబుతున్నంతసేపూ బల్ల మీద పేపరు వెయిటునే చూశారు. డాక్టరుగారు డోసు బాగా తగ్గించి రాశారు. ఈ వయసులో అంకె కాస్త ఎక్కువున్నా ఫరవాలేదన్నారు. ఆవిడ పడిపోకుండా, కడుపు నిండా తిని తిరగడమే ముఖ్యమన్నారు.

మూడో రోజు ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం మాస్టారు అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నారు.

"అత్తా, నువ్వు పడిపోయిన రోజున..."

"పడిపోవడానికేముందిరా, పడిపోయాను" అంది ఆవిడ. "బ్రెడ్డుకి వెళ్ళి మర్చిపోయావు. నేను కూడా ఒకసారి నిన్ను ఎక్స్ఛేంజీలో మర్చిపోయి ఇంటికొచ్చేశాను. నీకు గుర్తులేదు. సగం దారిలోంచి ఏడ్చుకుంటూ వెనక్కి పరుగెత్తాను. అది కాదు."

నుదుటి మీది కట్టు ఒకసారి తడుముకుంది.

"నోరు తెరిపించావు చూడు వాళ్ళ ముందు. అది మాత్రం పోవట్లేదు. పడుకుంటే అదే గుర్తొస్తోంది."

మాస్టారు తల వంచుకున్నారు. ఆవిడ ఆయన తల నిమురుతుందేమో, పోనీలే అంటుందేమోనని ఎక్కడో ఆశ పడ్డారు. ఆవిడ అనలేదు. లేచి వెళ్ళి తన పక్క తానే సర్దుకుంది.

మర్నాడు స్కూల్లో హెడ్‌మాస్టరుగారి గదికెళ్ళి జరిగిందంతా చెప్పారు. ఆయన తేలిగ్గా తీసేశారు. "పోనీలెండి, మీరు ఆవిడ మంచికోసమే కదా చేసింది" అన్నారు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అక్కడే ఉన్న లెక్కల మేడమ్ మాత్రం అంతా విని, తన పుస్తకాలు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ వారం చివర, ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, మాస్టారితో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి, అత్తయ్య గదిలో గంటన్నర కూర్చుంది. లోపలినుంచి నవ్వులు వినిపించాయి. మాస్టారు వంటింట్లో గిన్నెలు కడుక్కున్నారు.

ఇప్పుడు వేలు పొడుచుకోవడం, సూది తీసుకోవడం అన్నీ అత్తయ్యే చేసుకుంటుంది. టైలరమ్మ ఇంట్లో ఒకటి, తన దిండు పక్కన ఒకటి, చేతిసంచిలో ఒకటి గ్లూకోజు పొట్లాలు ఉంటాయి. అంకెలు తనే రాసుకుంటుంది, ఆపరేటరు రోజుల గుండ్రటి దస్తూరీలో. ఒక్కో రోజు రెండు వందల ఇరవై వస్తుంది. ఆ రోజు మాస్టారికి నాలుక మీదికి ఏదో మాట వస్తుంది. మింగేసి బయటికెళ్ళి బూట్లు తుడుచుకుంటారు.

నెల తిరిగాక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. పేరు పిలవగానే మాస్టారు కూడా లేచారు. "నువ్వు కూర్చో" అంది అత్తయ్య. తలుపు వేసుకుంది. ఆయన బయట బెంచీ మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. తలుపు వెనక ఆవిడ గొంతు ఆగకుండా వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. ఇరవై నిమిషాలు మాట్లాడింది. రెండేళ్ళుగా ఆ గదిలో ఆవిడ తరఫున మాట్లాడింది తానేనని ఆయనకి అప్పుడు తట్టింది.

బయటికొచ్చాక లోపల ఏమన్నదీ ఆవిడ చెప్పలేదు. ఆయన అడగలేదు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి అందించారు. ఆవిడ ఒక మెట్టు ఆగి, చూసి, రెయిలింగు పట్టుకుని దిగింది. ఆయన ఒక మెట్టు కిందగా, ఆవిడ నడకకి తగ్గట్టు, మెల్లగా దిగారు.