ఈగల పిల్ల

మా నాచారం ఇంటి పైగదిలో అద్దెకున్న పిల్ల ఉప్పల్ వైపు ఒక ప్రయోగశాలలో పండ్ల మీద వాలే ఈగలను పెంచేది. ఆదివారం కూడా వాటిని కొత్త మేత సీసాల్లోకి మార్చాలని బస్సెక్కేది. తిరిగొచ్చి గడప బయట చున్నీ దులిపితే గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు.

ఒక ఎండాకాలం కరెంటు పోయి, ప్రయోగశాల చల్లగది వేడెక్కి ఈగలు చాలావరకు చచ్చాయి. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి మెట్ల మీద కూలబడింది. నేను పాత చీర అంచుకు అతుకు వేస్తున్నాను.

"ఈగల కోసం గింత ఏడుపేంది బిడ్డా?"

"ఏండ్ల పని పాయె అవ్వా. ఒంట్ల క్రోమోజోములని సన్న దారాలుంటయి. వాటి కొసలు అరుగుతుంటయి. శాన పురుగులకు మల్ల నింపుకునే సాధనం ఉంటది, ఈ ఈగలకు లేదు. దారంల తిరిగే ముక్కలే నకలు జేసుకొని పోయి కొసకు అతుక్కుంటయి. అది ఎట్లనో సూస్తున్న."

"అంటే ఇంట్ల ఉన్న పేలికలతోనే ఎల్లదీస్తున్నయన్నట్టు."

ఏడుస్తూనే నవ్వింది. "గంతే అవ్వా. బతికిన కొన్నిటితోని మల్ల మొదలువెడ్త. నా పని సూసే సార్ ఇంకో ఏడాది గడువు ఇయ్యాలె."

కొన్నాళ్లకు సార్ ఒప్పుకున్నాడని చెప్పింది. గొంతులో సంబరం లేదు. అన్నం పెడితే కంచం ముందే కునికింది. మెతుకు పారేస్తే ఊరుకోని నేను, ఆ కంచం మీద మూతపెట్టి, ఆమెను లేపకుండా పక్కనే కూర్చున్నాను.