నూటికి తొంభై అయిదు

మా అక్క బస్సు డిపోలో గుమాస్తా. పొద్దున్నే బండి మొరాయిస్తే బదులు బండి పంపేది తనే, బదులు లేకపోతే జనం చేత తిట్లు తినేదీ తనే. డిపోకి ఉన్నవి రెండే బదులు బండ్లు. నాలుగు కావాలని మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆయన మాట ఒక్కటే: "ఎక్కువ రోజులు చెడేది రెండేగా. రెండు చాలమ్మా."

అక్క మొండిఘటం. వంద రోజులు లెక్క రాసింది. ఒక్క బండీ చెడని రోజులు పది, ఒకటి చెడినవి ఇరవై, రెండు నలభై, మూడు పదిహేను, నాలుగు పది, అయిదు చెడినవి అయిదు. పక్కన ఇంకో వరస గీసి, పైనుంచి కలుపుకుంటూ దిగింది: పది, ముప్పై, డెబ్బై, ఎనభై అయిదు, తొంభై అయిదు, వంద. అంటే రెండు బదులు బండ్లతో గట్టెక్కేది డెబ్బై రోజులే, నాలుగుంటే తొంభై అయిదు. పుస్తకాల్లో దీన్ని సంచిత విభాజన ప్రమేయం అంటారు. పేరుకి నోరు తిరగదు గానీ ఉన్నదంతా కూడికే.

మేనేజరు ఆ కాగితంలో చూసింది చివరి వరస ఒక్కటే. నాలుగుకి ఎదురుగా తొంభై అయిదు. నూటికి తొంభై అయిదు రోజులు నాలుగేసి బండ్లు చెడుతున్నాయనుకుని, ఇంక్రిమెంటు ఆపుతానంటూ హెడ్ మెకానిక్‌కి మెమో ఇచ్చాడు. ఆ హెడ్ మెకానిక్ మా బావే.

"మెమోకి జతచేసిన ఈ లెక్క కింద సంతకం నీదేనా?" అన్నాడు బావ ఇంటికొచ్చి.

"నాదే."

"నామీద కోపముంటే ఇంట్లోనే తిట్టొచ్చుగా."

మర్నాడు అక్క మేనేజరు ముందు నిలబడింది. "నాలుగూ, అంతకంటే తక్కువా చెడిన రోజులన్నీ కలిపితే తొంభై అయిదు సార్."

"మరి నాలుగు పక్కనే రాశావేం?"

గోడకి చెప్పుకున్నా నయమే. ఒళ్లు మండి అక్క తీసివేత చేసి చూపించింది. "తొంభై అయిదులోంచి పైనున్న ఎనభై అయిదు తీసేయండి. సరిగ్గా నాలుగు చెడినవి పది రోజులే."

"పదేనా? ముందే చెప్పొద్దూ." ఆయన మెమో చించేశాడు. అదే ఊపులో బదులు బండ్ల అర్జీ కూడా కొట్టేశాడు. "పది రోజుల కోసం ఇంకో రెండు బండ్లెందుకమ్మా?"

ఆ మరుసటి పొద్దున మూడు బండ్లు ఆగిపోయాయి. మూడో బండి జనం కిటికీ చుట్టూ మూగి నోటికొచ్చినట్టు తిట్టారు. వాళ్లకి చూపించడానికి ఆ కాగితం అక్క సొరుగులోనే ఉంది. తీస్తే వాళ్లూ మేనేజరులాగే చదివి మళ్లీ బావ మెడకే చుడతారని, తప్పంతా తనదేనని ఒప్పుకుంది.